బస్తర్ సంతలో పనిముట్టు: ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

మన పంచాంగం ప్రకారం ఆషాఢ అమావాస్య, ఛత్తీస్‌గఢ్ వాళ్ల లెక్కలో శ్రావణ అమావాస్య. ఆ రోజు వాళ్లకు హరేలీ పండగ. ఊరూరా నాగలి, పార, గైంతీ, గొడ్డలి కడిగి బొట్టు పెడతారు. అదే రోజు జగదల్‌పూర్‌లో దంతేశ్వరి గుడి ముందు ఒక చెట్టు మొద్దుకు పూజ జరుగుతుంది. బిలోరీ గ్రామం నుంచి తెచ్చే ఆ మొద్దును ‘ఠుర్లూ ఖోట్లా’ అంటారు. ఈ పూజ పేరు పాట్ జాత్రా. డెబ్బై అయిదు రోజుల బస్తర్ దసరాకు ఇది తొలి ఘట్టం. ఆ తర్వాత ఝార్ ఉమర్‌గావ్, బేడా ఉమర్‌గావ్‌ల నుంచి పనివాళ్లు వచ్చి అడవి దుంగలతో అమ్మవారి రథం కట్టడం మొదలుపెడతారు. గొడ్డలితో చెక్కుతారు, బాడిసతో చదును చేస్తారు, ఉలితో తొలుస్తారు. ఇనుప పట్టీలు, మేకులు అక్కడే కొలిమి పెట్టి సాగగొడతారు. ఎనిమిది చక్రాల విజయరథాన్ని కిలేపాల్ ప్రాంతపు మారియా గిరిజనులు వందల మంది కలిసి తాళ్లతో లాగుతారు.

పనిముట్లను ఎంచడానికి ఇంతకన్నా గట్టి పరీక్ష నాకు కనిపించదు. పచ్చి దుంగ, గడువు దగ్గరపడుతున్న పండగ, పని ఆగితే ఊరంతా చూసే అవమానం. ఆడలేక మద్దెల ఓడన్నాడని మనకో సామెత ఉంది గానీ, లోకంలో ఓటి మద్దెలలూ ఉంటాయి. బజారులో కొన్న ఉలి మూడో దెబ్బకే మూతి ముడుచుకుంటే తప్పు వడ్రంగిది కాదు.

ఈ వ్యాసం ప్రశ్న అదే. రోజువారీ పనికి ఏ పనిముట్టు మేలు? కమ్మరి చేసిందా, కంపెనీదా, వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిందా, కరెంటుతో తిరిగేదా? నగరంలో ఈ ప్రశ్న వేస్తే ధర, బ్రాండు, వారంటీ గురించి జవాబు వస్తుంది. పాత బస్తర్ జిల్లా కేరళ కన్నా పెద్దది, ఇప్పుడు ఏడు జిల్లాలు. అందులో చాలా ఊళ్లకు అంగడి అంటే వారపు సంతే. అక్కడ వారంటీ కాగితం ఎవరికీ పనికిరాదు. విరిగిన పనిముట్టును నడిచి వెళ్లి వచ్చేంత దూరంలో ఎవరు బాగుచేస్తారన్నదే అసలు కొలమానం. ఆ కొలమానాన్నే పట్టుకుని మిగతావన్నీ చూద్దాం.

గొడ్డలితో మొదలుపెట్టక తప్పదు. టంగియా అనే చేతిగొడ్డలి భుజాన వేసుకోకుండా మురియా, మారియా మగవాళ్లు ఊరు దాటి అడుగు పెట్టడం అరుదు. కట్టె కొట్టడం, కంచె కట్టడం, దూలం చెక్కడం, దారికి అడ్డంపడిన కొమ్మ తీయడం, అన్నిటికీ అదే. 1959 ఆయుధాల చట్టం ఇంటి పనికీ సాగుకీ మాత్రమే ఉద్దేశించిన వస్తువులను ఆయుధాల నిర్వచనం నుంచి మినహాయించింది. గొడ్డలి భుజాన వేసుకున్న ప్రతివాడినీ అనుమానించే కళ్లకు ఆ చట్టంలోని ఈ ముక్క గుర్తుచేయాల్సి రావడం బస్తర్‌కు పట్టిన గ్రహచారం.

మంచి గొడ్డలి ఏదో చెప్పాలంటే ముందు ఉక్కు సంగతి తేల్చాలి. ఇనుములో కర్బనం నూటికి 0.25 లోపు ఉంటే దాన్ని ఎంత కాల్చి నీళ్లలో ముంచినా వాదర గట్టిపడదు. ఇల్లు కట్టే టీఎంటీ కడ్డీలు దాదాపు ఈ జాతివే. వాటితో చేసిన ఉలి, రేకు కోసి చేసిన చవక కొడవలి రంగు వేస్తే బాగానే కనిపిస్తాయి, కానీ వారం తిరిగేసరికి మొండిబారతాయి. లారీ కమాను పట్టీలో కర్బనం నూటికి సుమారు 0.6 దాకా ఉంటుంది, సిలికాన్, మాంగనీసు కూడా కలుస్తాయి. దాన్ని సరిగ్గా కాలిస్తే గట్టి వాదర వస్తుంది, పెళుసుగా విరగదు. అందుకే దేశంలో ఏ కొలిమి దగ్గరికి వెళ్లినా ఒక మూల విరిగిన కమాను పట్టీలు పేర్చి ఉంటాయి. బస్తర్‌కు వాటి కొరత లేదు. రాయపూర్ నుంచి వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి కేశ్‌కాల్ ఘాట్ ఎక్కి కొండాగావ్, జగదల్‌పూర్ మీదుగా కోంటా దాటి మన భద్రాచలం వైపు దిగుతుంది. ఆ ఘాట్ మలుపులు లారీ యజమానులకు చేసే నష్టంలో కొంత కమ్మరికి లాభంగా చేరుతుందనుకోవచ్చు.

ఉక్కు మంచిదైతే చాలదు, కాక కుదరాలి. కమ్మరికి ఉష్ణోగ్రత కొలిచే పరికరం ఉండదు, కంటితోనే చూస్తాడు. ఎర్రగా కాలిన ఉక్కుకు అయస్కాంతం అతుక్కోవడం మానే స్థాయి దాటాక, అంటే సుమారు 770 డిగ్రీల పైన, నీటిలోనో నూనెలోనో ముంచుతాడు. అప్పుడది గాజులా గట్టిగా, పెళుసుగా ఉంటుంది. తర్వాత సన్నటి సెగ మళ్లీ చూపిస్తే రుద్ది తెల్లబరచిన భాగం మీద ఎండుగడ్డి రంగు, ఆపైన ఊదా, ఆపైన నీలం పరుగెడతాయి. ఉలికి గడ్డిరంగు దగ్గర ఆపాలి. దెబ్బకు తట్టుకోవాల్సిన గొడ్డలికి ఊదా దాటి నీలం వైపు వెళ్లనివ్వాలి. ఈ రెండో కాక ఎగ్గొట్టే కమ్మరి చేసిన గొడ్డలి మొదటి రోజు భలే కోస్తుంది, రెండో రోజు ముడి తగిలి చిట్లుతుంది. సంతలో కొనేవాడు వాదర మీద ఆకురాయి లాగి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. రాయి జారితే ఉక్కు గట్టిపడింది. కొరికితే మెత్తన. మరీ అద్దంలా జారిపోతే అది కూడా మంచిది కాదు, చిట్లుతుంది.

వెనకటి రోజుల్లో కమ్మర్లు మెత్తటి ఇనుముతో ఒళ్లు చేసి, వాదర దగ్గర మాత్రం ఉక్కు ముక్క అతికేవారు. గొడ్డలికి ఉక్కు పెట్టించడం అని మన పల్లెల్లో ఇప్పటికీ అంటారు. మెత్తటి ఒళ్లు దెబ్బను మింగుతుంది, గట్టి అంచు కోస్తుంది. ఉక్కు అరుదుగా ఉన్న కాలానికి ఇది పొదుపు కూడా. ఆ అరుదైన ఉక్కు ఎక్కడిదంటే మన తెలంగాణలోనే ప్రపంచానికి తెలిసిన ఊరుంది. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. హెచ్. డబ్ల్యూ. వాయిసీ ఆ పద్ధతి గురించి రాసినది 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇప్పుడు ఒక కమాను పట్టీ మొత్తంగానే మంచి ఉక్కు కాబట్టి అతుకు అవసరం పోయింది. అతికే నేర్పూ దానితోపాటే పోతోంది. దానికి నేను పెద్దగా విచారించను. పట్టీ గొడ్డలి అతుకు గొడ్డలికి పనిలో తీసిపోదు.

కంటికీ కామకీ వచ్చేసరికి కమ్మరిదే పైచేయి. గొడ్డలి తలలో కామ దూరే కన్ను సమంగా, లోపల నునుపుగా ఉండాలి. కాస్త వాలు ఉంటే కామ బిగిసి కూర్చుంటుంది. తల ఊడి ఎగిరితే ఎదుటివాడి ప్రాణానికి ముప్పు. ఎండకు కామ ఎండిపోయి వదులైతే రాత్రంతా నీళ్లలో నానబెట్టే అలవాటు అంతటా ఉంది. అది ఒక్క పూట పనికే. మళ్లీ ఎండితే కర్ర మునుపటికన్నా వదులవుతుంది. కొత్త సీల కొట్టడమే మందు. కర్రకు బస్తర్ అడవిలో ధామన్, చిరుమాను దొరుకుతాయి. చిరుమాను బండి ఇరుసులకు వాడేంత గట్టిది. ధామన్ వంగి మళ్లీ నిటారవుతుంది, దెబ్బ అదురు చేతికి తగలనివ్వదు. పట్నంలో దొరికే ఇనుప గొట్టపు పిడి గొడ్డలి నాకెప్పుడూ నచ్చలేదు. విరగదన్న మాట నిజమే, కానీ ప్రతి దెబ్బ మోచేతి దాకా వస్తుంది, ఒకసారి వంగితే సరిచేయడం కుదరదు.

ఇంతకీ బైలాడిలా కొండలు కళ్లెదుట ఉండగా బస్తర్ కమ్మరి లారీ చెత్త ఇనుము మీద ఎందుకు బతుకుతున్నాడు? ఈ ప్రశ్నకు జవాబులో కొంత చరిత్ర, కొంత మన తెలుగువాళ్ల వాటా కూడా ఉంది. మధ్య భారతపు అగరియాలు రాయి నుంచి ఇనుము తీసి, కాలితో తొక్కే తిత్తులతో కొలిమి ఊది, లోహాసురుణ్ని కొలిచిన జాతి. వెరియర్ ఎల్విన్ వారి గురించి 1942లో ‘ది అగరియా’ అనే పుస్తకమే రాశాడు. కొలుముల మీద పన్ను, బొగ్గుకు అడవి ఆంక్షలు, బయటి నుంచి వచ్చిన చవక ఇనుము, ఈ మూడూ కలిసి వాళ్లను ఎలా ముంచాయో అందులో ఉంది. అగరియాల అసలు గడ్డ బస్తర్‌కు ఉత్తరాన మైకల్ కొండల వైపు. అయినా రాయి కరిగించి ఇనుము తీసే విద్య బస్తర్‌లోనూ అదే దారిన వెళ్లిపోయింది.

1960లలో బైలాడిలా గనులు తెరుచుకున్నాయి. జపాన్‌తో కుదిరిన ఒప్పందం కోసం కిరందుల్ నుంచి కొత్తవలస దాకా సుమారు 445 కిలోమీటర్ల రైలుమార్గం అనంతగిరి కనుమల మీదుగా వేశారు. ఖనిజం విశాఖ రేవుకు, తర్వాత విశాఖ ఉక్కు కర్మాగారానికీ చేరింది. గనుల యజమాని ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. కిరందుల్, బచేలీ కాలనీల్లో తెలుగు మాట వినిపించడం అందుకే. ఓరుగల్లు కూలిన తర్వాత అన్నమదేవుడు దండకారణ్యం చేరి బస్తర్ రాజ్యం నిలబెట్టాడని అక్కడి రాజవంశ కథనం. ఆరు వందల ఏళ్ల తర్వాత అక్కడి ఇనుము మన రేవుకు దిగివచ్చింది. 2023 ఆగస్టులో జగదల్‌పూర్ పక్కన నగర్‌నార్‌లో ఏడాదికి 30 లక్షల టన్నుల సామర్థ్యంతో కట్టిన కర్మాగారంలో ఉక్కు చుట్టలు రావడం మొదలైంది. అవి కార్లకు, గొట్టాలకు, ఫ్యాక్టరీలకు వెళ్లే పలకలు. గొడ్డలికి కావలసిన గట్టి కడ్డీ అక్కడ తయారు కాదు. కాబట్టి కమ్మరి ఇంకా ఘాట్ మీద విరిగే పట్టీల కోసమే చూడాలి.

ఈలోగా కొండాగావ్ చుట్టుపక్కల కమ్మర్లలో చాలామంది దీపాలు, జింకలు, గుర్రపు రౌతులు చేయడం పట్టారు. బస్తర్ ఇనుప కళకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఢోక్రా ఇత్తడి పోతకూ కొయ్య శిల్పానికీ వచ్చినట్టే. ఢిల్లీ, హైదరాబాద్ మేళాల్లో దీపస్తంభానికి కొనేవాడున్నాడు, కొడవలికి లేడు. ఇందులో కమ్మరిని తప్పుపట్టేదేమీ లేదు. కడుపు నింపేది ఏదో వాడికి తెలుసు. కానీ లెక్క చూడాలి. మెత్తటి ఇనుము సాగగొట్టి జింకను చేయడానికి కాక పట్టడంతో పని లేదు. ఒక తరం జింకలు మాత్రమే చేస్తే కొలిమి ఆరదు గానీ వాదర విద్య ఆరిపోతుంది. అప్పుడు సంతలో దొరికేది రేకు కొడవలి ఒక్కటే.

కంపెనీ సరుకు అంతా చెత్త అనడం కూడా అన్యాయమే. పార, గడ్డపార, గైంతీ విషయంలో కంపెనీదే మేలని నా తీర్పు. టాటా స్టీల్ వారి అగ్రికో పార తీసుకుంటే ఒకే ముక్కగా సాగదీసిన ఉక్కు, కన్ను దగ్గర మందం, అంచు దగ్గర పలుచన, అన్ని పారలూ ఒకే కొలత. కమ్మరి ఒక్కొక్క పార చేయడానికి పెట్టే బొగ్గు ఖర్చుతో అది రాదు. బస్తర్ మెట్టపొలాల ఎర్ర మురం నేలలో గడ్డపార మొన రెండు నెలల్లో మొద్దుబారుతుంది. అది మంచి కడ్డీ అయితే కమ్మరి కాల్చి మొన సాగగొడతాడు, మళ్లీ రెండు నెలలు. ఇక్కడ కంపెనీ కడ్డీ, ఊరి కొలిమి ఒకదానికొకటి తోడు. ఆకురాయి, హాక్సా బ్లేడు, ప్లయర్లు, రింగు స్పానర్లు కూడా ఊళ్లో చేసుకునేవి కావు. ఆకురాయి పళ్లకు నూటికి ఒకటికి పైగా కర్బనం ఉన్న ఉక్కు కావాలి, సమంగా కోసే యంత్రం కావాలి. జేకే ఆకురాయి, తపారియా ప్లయర్ లాంటి తెలిసిన పేరు చూసి కొనడమే తెలివి. నకిలీలు కూడా అవే అక్షరాలతో వస్తాయి కాబట్టి అచ్చు నాణ్యత, బరువు చూసుకోవాలి. స్పానరు దవడలు నట్టు మీద వదులుగా తిరిగితే ఆ చవకదనం నట్టు తలలు గుండ్రం చేసి, అసలు కన్నా ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది.

పరిశోధన సంస్థల పనిముట్ల దగ్గర వ్యవహారం చిక్కుపడుతుంది. భోపాల్‌లో కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ, రాయపూర్‌లో ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం, జగదల్‌పూర్‌లో దాని గుండాధుర్ వ్యవసాయ కళాశాల, ఇవన్నీ ఆడవాళ్ల నడుము నొప్పి తగ్గించే సాధనాల మీద నిజాయితీగా పనిచేశాయి. చక్రాల దంతె, పళ్ల కొడవలి, విత్తనం నాటే గొట్టం, వరి కలుపు తీసే యంత్రం అలా వచ్చినవే. అయితే వరి కలుపు యంత్రం వరసల మధ్య తిరగాలి. బస్తర్ రైతుల్లో చాలామంది నాట్లు వేయరు. విత్తనం వెదజల్లి, మొక్క మొలిచాక నీరు నిలిచిన మడిలోకి మళ్లీ నాగలి దింపుతారు. దాన్ని బియాసీ అంటారు. వరసలే లేని మడిలో చక్రం ఎక్కడ తిరుగుతుంది? యంత్రం చెడ్డది కాదు, మడి వేరు. శిక్షణ శిబిరంలో పంచిన పనిముట్టు పాక మూల తుప్పు పట్టిందంటే రైతు సోమరి అనే ముందు ఆ మడి చూడాలి.

పళ్ల కొడవలిని కొత్త ఆవిష్కరణగా చూపించడం నాకు కాస్త నవ్వు తెప్పిస్తుంది. కక్కు కొడవలి మన కమ్మర్లకు తరతరాలుగా తెలుసు. ఉలితో ఒక్కొక్క పన్ను కొట్టి, అరిగితే మళ్లీ కక్కు కొట్టించుకోవడం మామూలే. ఫ్యాక్టరీ పళ్ల కొడవలి తేలిక, కోత సులువు, సీజనంతా సాన పట్టనక్కర్లేదు. అరిగాక మాత్రం పారేయాల్సిందే, ఆ పలుచటి రేకు మీద కమ్మరి ఉలి నిలవదు. ధర తక్కువ కాబట్టి వరి కోతకు అదే చాలు అనేవాళ్లతో నేను వాదించను. గడ్డికి, కొమ్మకు, వెదురుకు మాత్రం నున్నటి అంచు ఉన్న కమ్మరి కొడవలికి సాటి లేదు. ఇంట్లో రెండూ ఉంటే మంచిది.

ఈ సమీక్షలో నన్ను బాగా మెప్పించిన సాధనం ఇనుముది కాదు, దారంది. వేసవి మొదట్లో ఇప్పపూలు రాలతాయి. ఆకుల మధ్య పువ్వు కనపడదని చెట్టు కింద చెత్తకు నిప్పు పెట్టడం పాత అలవాటు. ఆ నిప్పు గాలికి లేచి అడవిని కాలుస్తుంది, మొలకలను చంపుతుంది, పువ్వుకు బూడిద, మట్టి అంటుతుంది. ఛత్తీస్‌గఢ్ అటవీ వర్గాలు ఇప్పుడు కొన్నిచోట్ల చెట్టు కింద నేలకు కాస్త ఎత్తున వల కట్టిస్తున్నాయి. పువ్వు వలలో పడుతుంది. తెల్లవారకముందే లేచి గంటల తరబడి వంగి ఏరే ఆడవాళ్లకు పని తగ్గుతుంది. శుభ్రమైన పువ్వుకు ధర ఎక్కువ, తినుబండారాలకు పనికొస్తుంది. చిరిగితే సూది దారంతో ఇంట్లోనే కుట్టుకోవచ్చు. కొలిమి కూడా అక్కర్లేదు! మన ఏజెన్సీ మండలాల్లోనూ ఇప్పచెట్టు కింద నిప్పు కొత్త కాదు. కొత్తగూడెం, అల్లూరి జిల్లాల గిరిజన సహకార సంఘాలు పంచదగ్గ సరుకు ఏదైనా ఉందంటే ముందుగా ఇది.

చింతపండు పనిలో మాత్రం అలాంటి పరిష్కారం ఇంకా కనపడలేదు. బస్తర్ చింతపండు దేశం నలుమూలలకూ వెళ్తుంది. పెంకు కొట్టి, పీచు లాగి, గింజ తీసే పనంతా ఆడవాళ్ల చేతి వేళ్ల మీదే. 2018 ఏప్రిల్‌లో బీజాపూర్ జిల్లాలో ప్రారంభించిన వన్‌ధన్ కేంద్రాలు గుంపుగా కూర్చుని పని చేసుకునే చోటు, కొనే దారి చూపించాయి. గింజ తీయడం దగ్గర వేళ్లకు సాటివచ్చే చవక సాధనం రావలసే ఉంది.

ఎత్తెక్కే పని ఇంకొకటి. మనం జీలుగ అనే చెట్టును బస్తర్‌లో సల్ఫీ అంటారు. కల్లు కోసం నిటారు మానుకు కణుపులు వదిలిన వెదురు బొంగు కట్టి నిచ్చెనగా వాడతారు. నేర్పరి చేతిలో అందమైన పద్ధతే, కానీ జారితే పట్టుకునేది ఏదీ లేదు. తెలంగాణలో తాటిచెట్టు మీద నుంచి పడి గీత కార్మికులు చనిపోవడం దశాబ్దాల గోడు. 2024 జులైలో లష్కర్‌గూడలో కాటమయ్య రక్ష పేరుతో ప్రభుత్వం నడుము బెల్టు, తాళ్లు, కాళ్ల పట్టీలతో భద్రతా కిట్లు ఇవ్వడం ప్రారంభించింది. అది తాటికి తగ్గట్టు చేసింది. జీలుగ మాను లావు, నునుపు వేరు. అదే కిట్టు యథాతథంగా పంపితే బియాసీ మడిలో కలుపు యంత్రం కథే పునరావృతమవుతుంది. తాడు, కొక్కెం ఉంచి పట్టీ కొలత మార్చగలిగితే సుక్మా, చింతూరు రెండు చోట్లా ప్రాణాలు నిలుస్తాయి.

బాగుచేయడానికి ఎన్ని పనిముట్లు కావాలన్నది కూడా ఒక కొలతే. బోరింగు చూడండి. ఇండియా మార్క్-2 పంపు అడుగున వాషర్ అరిగితే గొట్టాలన్నీ ఒక్కొక్కటిగా పైకి లాగాలి. దానికి ప్రత్యేక పట్టకార్లు, ఎత్తే గొలుసులు, నలుగురు మనుషులు, వాళ్లను తెచ్చే జీపు కావాలి. మార్క్-3లో గొట్టాలు అలాగే ఉంచి లోపలి కడ్డీతో సిలిండరు భాగాలు పైకి తీయవచ్చు. తక్కువ పనిముట్లతో ఊరి మెకానిక్కే ఆ పని ముగిస్తాడు. జీపు రావడానికి వారం పట్టే ఊళ్లో ఈ తేడా అంటే వారం రోజుల వాగు నీళ్లు. సైకిలు కూడా ఇలాంటి పుణ్యమే చేసింది. రెండు స్పానర్లు, ఒక టైరు లివరు, పంక్చరు సామాను ఉంటే సంత మూలన కూర్చున్న కుర్రాడు పది ఊళ్లను నడిపిస్తాడు.

కరెంటు పనిముట్ల గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే వాటి మంచి చెడ్డలు ఎక్కడైనా ఒకటే. నాలుగంగుళాల గ్రైండరు కమ్మరికి నిజంగా మేలు చేసింది. గంట సేపు సానపట్టే పని పది నిమిషాల్లో అయిపోతుంది. ఉక్కు జాతి తెలుసుకోవడానికీ అది పనికొస్తుంది. మెత్తటి ఇనుము నుంచి నిప్పురవ్వలు పొడుగ్గా తిన్నగా పోతాయి, కర్బనం ఎక్కువ ఉంటే చిచ్చుబుడ్డిలా చిట్లుతాయి. కానీ కాక పట్టిన వాదరను దాంతో నీలం రంగు దాకా కాల్చేస్తే గట్టితనం పోయినట్టే. మధ్య మధ్య నీళ్లలో ముంచాలి. రాయి నిమిషానికి సుమారు 11,000 సార్లు తిరుగుతుంది. కవచం ఊడదీసి పెద్ద మెషీను రాయిని అందులో బిగించే అలవాటు కళ్లు పోగొడుతుంది, ఒక్కోసారి ప్రాణమే. వంద రూపాయల కళ్లద్దాలు ఆ మెషీను కన్నా ముందు కొనాల్సిన వస్తువు. బ్యాటరీ డ్రిల్లు, కట్టె కోసే మెషీను మాత్రం సంతలో బ్యాటరీ, గొలుసు దొరికే రోజు దాకా పట్నంలో వడ్రంగి దగ్గర ఉంటేనే నయం. చెయిన్ సా అడవిలోకి వెళ్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక సర్కారు కిట్లు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం పద్దెనిమిది వృత్తులకు వర్తిస్తుంది. కమ్మరి, వడ్రంగి, సుత్తి, పనిముట్ల తయారీదారు అందులో ఉన్నారు. శిక్షణతో పాటు పనిముట్లకు 15,000 రూపాయల ఈ-వోచరు, రెండు విడతలుగా 3 లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు. ఆలోచన బాగుంది. కానీ బస్తర్ కమ్మరికి తక్కువైంది సుత్తి కాదు, కర్రబొగ్గు, మంచి ఉక్కు. బొగ్గుకు అడవి, అడవికి అటవీ శాఖ. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు అడవి మీద సామూహిక హక్కు ఇచ్చింది. ఆ హక్కు కిందే ఎండుకట్టె బొగ్గుకు దారి తీస్తే వోచరు నిజంగా వాదర అవుతుంది. నగర్‌నార్‌లో కాకపోయినా దేశంలో కమాను ఉక్కు కడ్డీ తయారు చేసే చోటు నుంచి నెలకు ఒక లారీ సరుకు కొండాగావ్ కమ్మర్ల సహకార సంఘానికి చేర్చడం పెద్ద పని కాదు. చేతి బ్లోయరు, చదునైన దాగలి వోచరులోనే వస్తాయి.

తీర్పు చెప్పాలంటే నా లెక్క ఇది. గొడ్డలి, కత్తి, నున్నటి కొడవలి, బాడిస, ఉలి ఊరి కొలిమి దగ్గర కమాను ఉక్కుతో చేయించుకోవాలి. పార, గడ్డపార, ఆకురాయి, రంపం, స్పానరు కంపెనీవి. వరి కోతకు పళ్ల కొడవలి. ఇప్పచెట్టుకు వల. కలుపు యంత్రం వరసలు వేసే రైతుకే. గ్రైండరు కమ్మరికి, కళ్లద్దాలతో. మిగతావి సంతకు విడిభాగాలు వచ్చేదాకా ఆగవచ్చు.

అరకు దాటి జగదల్‌పూర్ వెళ్లి చిత్రకూట్ జలపాతం చూసి, కొండాగావ్‌లో ఇనుప దీపం బేరమాడే తెలుగు ప్రయాణికులకు ఒక మాట. ఆ దీపం కొనండి, బేరం ఎక్కువ ఆడకండి. అదే కమ్మరిని ఒక కొడవలో మచ్చుకత్తో చేసిస్తాడా అని అడగండి. వాదర మీద ఆకురాయి లాగి చూడండి. జారితే డబ్బులిచ్చి తెచ్చుకోండి, వంటింట్లోనూ పెరట్లోనూ చాలా ఏళ్లు పనిచేస్తుంది.